రెండు ఇస్త్రీపెట్టెలు, ఒకటే కరెంటు

జోంజు,
అక్టోబరు, 1981

ఉన్‌సిల్ నాన్నగారికి మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్నది. అత్తయ్యగారి మోకాళ్ళ సంగతి పక్కన పెడితే ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. ఆ సౌదీ ఎండల్లో మీరూ వేళకి తింటూ, తలకి గుడ్డ చుట్టుకునే వైరింగు పనికి వెళ్తున్నారని నమ్ముతున్నాను.

మీరడిగినవాటికి జవాబులు. ఉన్‌సిల్‌కి ముందు పన్ను ఊడింది, ఇంటికప్పు మీదికి విసిరాం. చలి ముదిరాక కిమ్చీకి క్యాబేజీలు కొందామని అత్తయ్యగారు అంటున్నారు. సియోల్‌లోని మీ స్నేహితుడి చేత పంపించిన ట్రాన్స్‌ఫార్మర్ అందిందా, వాడుతున్నారా అని మరీ మరీ అడిగారు. ఆ సంగతి చివర్లో చెబుతాను, కోప్పడకండి.

పోయిన నెల మన వీధికి 110 వోల్టుల కరెంటు పోయి 220 వచ్చింది. గోడకి గుండ్రటి కన్నాల సాకెట్లు బిగించి వెళ్ళారు. మన ఇస్త్రీపెట్టెలకేమో బల్లపరుపు పుల్లల ప్లగ్గులాయె. అత్తయ్యగారు బజారుకెళ్ళి పందిముక్కు అంటారే, ఆ ప్లగ్గు తొడుగులు రెండు కొనుక్కొచ్చి, ఇక పనైపోయిందన్నారు. పందిముక్కు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే గాని కరెంటుని మార్చదని ఆవిడకెవరు చెప్పాలి?

నేనే చెప్పాను. పెట్టెల మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి కదా, పాత కరెంటు ఉండగానే మీ మీటరుతో రెండూ కొలిచి పెట్టుకున్నాను. 110 వోల్టుల దగ్గర చెరో అయిదు ఆంపియర్లు. మీరు ఉత్తరాల్లో నేర్పినట్టే భాగిస్తే నిరోధం 22 ఓములు, గుణిస్తే 550 వాట్లు. ఆ 22 మారదు కాబట్టి 220లో పెడితే పది ఆంపియర్లు లాగుతుంది, అంటే 2,200 వాట్లు. వోల్టులు రెండింతలైతే వేడి నాలుగింతలా అని నాకే నమ్మకం కలగక మళ్ళీ మళ్ళీ చేశాను. నాలుగింతలే.

"ఏమే, బియ్యానికి నీళ్ళు కొలవడం ఈ మధ్యే నేర్చుకున్నావు, అప్పుడే కరెంటు కొలుస్తున్నావా?" అన్నారు అత్తయ్యగారు. ఇంతలో ఎదురింటి నూనెగానుగ మేంగ్‌గారి రేడియో పందిముక్కు తగిలించగానే పొగలు కక్కింది. ఆవిడ పెట్టిన కేక విని అత్తయ్యగారు తన ప్లగ్గు మెల్లగా కింద పెట్టేశారు.

కానీ మనం కుట్టిస్తామని ఒప్పుకున్న పెళ్ళికూతురి పట్టుబట్టలు రెండు రోజుల్లో ఇవ్వాలి. 220ని 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్లు బజార్లో అయిపోయాయి, మీరు పంపింది ఇంకా రాలేదు. బొగ్గు ఇస్త్రీ తీస్తే గుడ్డపేలిక మీద మసి పడింది. పట్టు మీద పడితే? మాట ఇచ్చిన రోజుకి బట్టలివ్వకపోవడం అత్తయ్యగారి చేతిలో ఎన్నడూ జరగలేదు. ఆవిడ పెళ్ళి జాకెట్టు తెల్ల మెడపట్టీ ఒళ్ళో పెట్టుకుని అన్నం కూడా ముట్టలేదు.

అప్పుడు తట్టింది. రెండు పెట్టెల్నీ ఒకదాని వెనక ఒకటి కలిపితే 22కి 22, మొత్తం 44 ఓములు. 220ని 44తో భాగిస్తే మళ్ళీ అయిదు ఆంపియర్లే! చెరో 110 పంచుకుంటాయి, చెరో 550 వాట్ల వేడి. మీరు వద్దన్నా మీ పనిముట్ల పెట్టె తెరిచాను. ఫ్యూజు తీసేసి చెక్కకి రెండు సాకెట్లు బిగించి, అలా కలిపాను. తిరిగి ఫ్యూజు పెట్టే వేళకి అత్తయ్యగారు రబ్బరు చెప్పులు తొడుక్కుని, బట్టలు బాదే కర్ర ఎత్తి నా పక్కన నిలబడ్డారు.

"షాకు కొట్టిందా, నీ చెయ్యి విరగ్గొట్టయినా లాగేస్తా. కానియ్," అన్నారు.

మీటరు అయిదు దగ్గర ఆగింది. మొదట నా పెట్టె వేడెక్కింది, వెంటనే ఆవిడది. పెళ్ళిబట్టలు చెప్పిన వేళకే వెళ్ళాయి. నాకు ఎంత గర్వంగా ఉందో దాచుకోవడం నా వల్ల కావడం లేదు.

ఇందులో ఒక తిరకాసుంది. ఒకరు ప్లగ్గు పీకితే రెండోదీ చల్లబడిపోతుంది. పాత రోజుల్లో రెండూ కలిసి పెడితే ఫ్యూజు పోతుందని వంతులు వేసుకుని, ఆ వంతుల కోసం ఎంత పోట్లాడుకునేవాళ్ళమో మీకు తెలుసు. ఇప్పుడు ఇద్దరం ఒకేసారి కూర్చోవాలి, ఒకేసారి లేవాలి. ఆవిడ మెడపట్టీ, నేను లంగా. తన అత్తగారు తనని ఏడిపించిన కథలన్నీ ఈ నెలలోనే విన్నాను. వచ్చినవాళ్ళందరికీ ఆ చెక్క చూపించి, "మా కోడలి లెక్క" అని మీసం లేని లోటు తప్ప మగరాయుడిలా చెప్పుకుంటున్నారు.

ఇక దాచిన మాట. మీ ట్రాన్స్‌ఫార్మర్ వచ్చి మూడు వారాలైంది. అట్టపెట్టెకి కట్టిన తాడు కూడా విప్పలేదు. విప్పుదామా అని ఒకసారి అడిగాను. అత్తయ్యగారు ఇస్త్రీ మీంచి తల ఎత్తలేదు.

"అది పెడితే ఎవరి పెట్టె వారిదైపోతుంది కదే. ఉండనీ. వాడొచ్చాక వాడే విప్పుకుంటాడు," అన్నారు.

నేనూ మళ్ళీ అడగలేదు.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
ఉన్‌సిల్ అమ్మ