ఇరవై ఒక్క బొచ్చె చేపలు

హూడి, బెంగళూరు
18-11-2004

చిరంజీవి హర్షితకు,

అప్ప ఆశీర్వదించి రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. మంగళూరులో వానలు తగ్గాయనీ, హాస్టల్ తిండి నీకు పడుతోందనీ తెలిసి అమ్మ మనసు కుదుటపడింది. నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. మొన్న ఫోనులో "జవాబు ఏదప్పా?" అని నిలదీశావు. బద్ధకం కాదమ్మా, రాయాల్సింది అలాంటిది. అయినా ముందు నీ ప్రశ్నలకి జవాబులు చెప్పకపోతే తిడతావు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిన మరునాడే అటకెక్కి డబ్బాలు దించింది. నేను కేకలేస్తే, "ఫ్యాక్టరీ ఇడిసిపెట్టినా మీ పెత్తనం మాత్రం ఇడవలేదు గదా" అంది. భాగీరథమ్మకి ఎదురు చెప్పి గెలిచినవాడు ఈ హూడిలో ఇంకా పుట్టలేదు.

నా గాలం రేకుల గురించి అడిగావు. ఉన్నాయి, ట్రంకుపెట్టెలో పదకొండు మిగిలాయి. ఫ్యాక్టరీలో పారేసే ఇత్తడి ముక్కల్ని భోజనం గంటలో సుత్తితో కొట్టి, చెంచాలా వంచి, సానబట్టి చేసినవి. నీళ్ళలో లాగితే చిన్న చేప ఈదినట్టే మెరిసేవి.

అమెరికా సరస్సుల గురించి నువ్వు పంపిన జిరాక్సు కాగితాలు మూడుసార్లు చదివాను. అవతలి ఒడ్డు కనబడనంత సరస్సట, సెలవు రోజున మోటారు పడవ వెనక రేకులు లాక్కుంటూ సాల్మన్ చేపల కోసం తిరగడమట, అదీ కూటికోసం కాదు, సరదాకి! ఓసి, మేము మన ఊరి చెరువు దొడ్డకెరెలో ఆదివారం ఆదివారం చేసిందీ అదే కదే. వాళ్ళకి మోటారుంటే మాకు కెరెని గుత్తకి తీసుకున్న మునినారాయణప్ప ఉన్నాడు. ఆయన గుండ్రటి తెప్పలో తెడ్డు వేస్తుంటే వెనక నేను దారం వదిలి కూర్చునేవాణ్ణి. నా ఒళ్ళో నువ్వు. ఒకసారి దారం నీ చేతికిస్తే వాలుగ చేప పట్టుకుంది. "అప్పా, కెరె నన్ను లాగుతా ఉండాది!" అని అరిచావు. మునినారాయణప్ప నవ్వాపుకోలేక తెడ్డు జారవిడిచాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు తిమ్మిరెక్కుతాయి. ఎంత హాయిగా ఉండేదో!

ఆ కాగితాల్లోనే లాంప్రే అనే పాములాంటి జీవి బొమ్మ ఉంది. దవడ లేని గుండ్రటి నోరు, చుట్టూ పళ్ళు, చేపకి అంటుకుని రక్తం తాగుతుందని రాశావు. ఓడల కోసం మనుషులు తవ్విన కాలువ గుండా అది పై సరస్సుల్లోకి చేరిందన్నావు. ఆ కిందే, "మన దొడ్డకెరె చేపలకి పట్టిన పేలు కూడా మనుషులు తెచ్చినవే కదప్పా? మునినారాయణప్ప చవక చేపపిల్లల్ని తెచ్చి వదిలాడని అందరూ అంటారు. ప్రాజెక్టు రిపోర్టులో అదే రాస్తున్నాను, సరేనా?" అని అడిగావు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. ఇరవై రోజులు ఆలస్యం అందుకే.

సరి కాదమ్మా. ఆ పేలు తెచ్చింది నేను.

తొంభై నాలుగులో నీకు టైఫాయిడ్ వచ్చింది, గుర్తుందా? పద్దెనిమిది రోజులు జ్వరం దిగలేదు. మీ అవ్వ అక్కయమ్మ నీ తల దగ్గర కూర్చుని, "ఆకలికి పట్టినా ఒక నాయం ఉండాది. నువ్వు ఆటకి పడ్తివి కదప్పా, ఆ మూగజీవాల ఉసురే ఇది" అంది. నేను నాస్తికుణ్ణని కారఖానాలో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ మాటతో నా గొప్పలన్నీ పోయాయి. బిడ్డ లేచి తిరిగితే ఇరవై ఒక్క చేపల్ని ప్రాణాలతో కెరెలో వదులుతానని మొక్కుకున్నాను.

నువ్వు లేచావు. హొసకోటె అవతల ఒకాయన చేపల గుంట నుంచి ఇరవై ఒక్క బొచ్చె చేపల్ని డ్రమ్ములో వేసుకుని లగేజీ ఆటోలో తెచ్చాను. మునినారాయణప్ప ఊళ్ళో లేడు. ఒక్కో చేపని చేత్తో పట్టి వదులుతుంటే, రెక్కల కింద పెసరపప్పు బద్దల్లాంటివి అంటుకుని కదులుతున్నాయి. పేలని నాకు తెలుసు హర్షితా. గాలం పట్టేవాడికి తెలియకుండా ఉంటుందా? పేలున్నవి పక్కన పెడితే లెక్క ఆరు తగ్గుతుంది, మొక్కు తీరదు. నీకు మళ్ళీ జ్వరం వస్తే? గోటితో గీకి కొన్ని తీసి, మిగతావాటితోనే వదిలేశాను.

మరుసటి వేసవికి కెరెలో చేపలన్నీ ఎర్రటి పుళ్ళతో తేలాయి. ఎవరూ కొనలేదు. చేపలు పట్టే మీనుగారుల సంఘంవాళ్ళు, ఆ ఏడు తెచ్చి వదిలిన చవక చేపపిల్లలే కారణమని మునినారాయణప్ప మీద పడ్డారు. కెరె గుత్త ఆయన చేతినుంచి పోయింది. నేను ఆ గట్టు మీదే నిలబడి విన్నాను, నోరు తెరవలేదు. గాలం మానేసింది కీళ్ళనొప్పులకని నీతో చెప్పాను. అబద్ధం.

పోయిన ఆదివారం వైట్‌ఫీల్డ్‌లో ఆయన కాపలా ఉండే అపార్టుమెంటుకి వెళ్ళి అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కుర్చీలో అలాగే కూర్చుని, "నా పెండ్లాం సచ్చేముందు కూడా, చవకకి ఆశపడి కెరెని సంపేస్తివని అనె అప్పా. నేనూ నమ్మేసినా. పదేండ్లు, నేనే సంపినాననుకుంటా ఉండాను" అన్నాడు.

తర్వాత ఆయనే, "పాప ఎట్లుండాది?" అని అడిగాడు. బాగుందన్నాను, చేపల చదువే చదువుతోందన్నాను. "అట్లయితే ఆ పాపనే రాయమను. కాగితం మీద రాయమను" అన్నాడు. ఇంతలో కారు హారన్ కొడితే లేచి గేటు తీయడానికి వెళ్ళాడు. వెళ్ళొస్తానంటే తల తిప్పలేదు.

నా జ్వరం వల్లే ఇదంతా జరిగిందని నువ్వు దిగులు పడకు. జ్వరం నీది, తప్పు నాది. మొక్కు తీర్చడానికి మంచి చేపలు కూడా దొరుకుతాయి, వెతికే ఓపిక నాకు లేకపోయింది.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయి. వెంకటగిరియప్ప, రిటైర్డు టర్నరు, పేలు కళ్ళారా చూసి కూడా వదిలాడని రాయి. ఎవరీయన అని మీ మాస్టారు అడిగితే మా అప్పే అని చెప్పు, తలదించుకోకు. దానితోపాటు కన్నడలో ఒక్క పేజీ రాసి పంపు. వచ్చే నెల సంఘం మీటింగులో మునినారాయణప్పని ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆయన్ని తిట్టినవాళ్ళందరి ఎదుట నేనే లేచి చదువుతాను.

ఇట్లు,
నువ్వు బ్రతికావన్న సంతోషం ఇప్పటికీ తగ్గని
నీ అప్ప,
వెంకటగిరియప్ప