క్రమానికి బయట

బార్న్‌స్లీ,
14 అక్టోబర్ 2022.

‘లాంతరు నౌక’ నవలల క్రమనిర్ణేత, శ్రీమతి బెవర్లీ థ్వెయిట్ గారి దివ్యసముఖమునకు,

బార్న్‌స్లీ సంతలో పాత పుస్తకాలు అమ్ముకునే గేనర్ వినయంగా రాయునది. ఇక్కడ నేను, నా మోకాళ్లు, నా కొట్టు క్షేమం. తమరు క్షేమంగానే ఉంటారని తలుస్తాను. ఏది ముందో ఏది వెనకో లోకానికంతా చెప్పగలిగినవాళ్ల క్షేమానికి లోటేముంటుంది.

ఇక మర్యాదలు చాలు. నలభై ఏళ్లుగా నువ్వు అని పిలిచినదాన్ని తమరు అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

నీ కరపత్రం చూశాను బెవ్. నువ్వు పంపలేదులే. కంపెనీవాళ్లు కొత్త ముద్రణతో పాటు కొట్లన్నిటికీ కట్టలు కట్టలుగా పంచారు కదా, అందులో ఒకటి నా దాకా నడిచి వచ్చింది. పైన బంగారు రంగులో ‘అధికారిక పఠన క్రమం’ అని, కింద నీ పేరు. అధికారికం అన్న మాట చూడగానే నాకు నవ్వు ఆగలేదు. మన చిన్నప్పుడు టీవీలో వచ్చిన ఒక ఓడ కథ. అది వస్తున్నప్పుడూ, ఆగిపోయాకా దాని పేరు చెప్పి అమ్ముకోవడానికి కంపెనీ నవలలు రాయించింది. ఒకరు రాసింది ఇంకొకరు చదవలేదు. రెండో పుస్తకంలో కెప్టెన్ డ్రెవెట్‌కి అక్క ఉంది, ఆరో పుస్తకంలో ఆవిడే చెల్లెలైంది. వీటికొక క్రమం ఉందని, అది నీకొక్కదానికే తెలుసని, దానికి రాజముద్ర వేశావు.

ఆ క్రమమైనా ఎలా ఏడ్చింది? అన్నిటికన్నా చివర అచ్చయిన నవలని నువ్వు మొట్టమొదట పెట్టావు. ఎందుకంటే అది కెప్టెన్ తాతగారి కథ, కాలం ప్రకారం అదే ముందట. అందులో ఓడే లేదు కదే. ఓడ కట్టాలా వద్దా అని పుస్తకమంతా ఒక కమిటీ కూర్చుని టీ తాగుతుంది. కొత్తగా చదవాలని వచ్చినవాడి చేతిలో దాన్ని పెట్టడం, పెళ్లికి వచ్చినవాణ్ని పట్టుకెళ్లి పెళ్లికొడుకు ముత్తాత దినం భోజనానికి కూర్చోబెట్టడం లాంటిది. ఇక ‘మూడున్నర’ అని ఒక అంకె వేశావు. మూడో పుస్తకానికీ నాలుగో పుస్తకానికీ మధ్య ఏదో పత్రికలో వచ్చిన చిన్న కథట. ఆ పత్రిక ఇప్పుడు ఎవరి అటక మీదా లేదు. దొరకనిదానికి అంకె వేసి, దొరికినవాటిని చెరిపేసే తెలివి నీకు ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

చెరిపేసినవాటి గురించే ఈ ఉత్తరం. కరపత్రం ఆఖర్న, చీమల బారులాంటి అక్షరాల్లో, ‘క్రమానికి బయట’ అని మూడు పుస్తకాలు రాశావు. ఎనిమిది, తొమ్మిది, పది. మూడూ విన్‌ఫ్రెడ్ ఆల్‌సప్ రాసినవి. టీవీలో ఆఖరి భాగంలో ఓడ నడిపే ఓరిల్ మంటల్లో పోతుంది. ఆల్‌సప్ నవలల్లో ఓరిల్ బతికే ఉంటుంది, ముసలిదవుతుంది, తోట వేసుకుంటుంది. కాబట్టి అవి జరగనట్టే లెక్క, చదవనక్కర్లేదు అన్నావు. ఆ ఓడ మాత్రం నిజంగా ఎక్కడో తిరుగుతున్నట్టు.

ఈ కరపత్రం నా దగ్గరికి తెచ్చింది ఓలరెన్‌షా గారు. పళ్ల డాక్టరుగా చేసి మానేశాడు, పెద్దమనిషి. పోయిన చలికాలం ఆ మూడు పుస్తకాలూ నా దగ్గరే కొన్నాడు. సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టి, “ఇవి వెనక్కి తీసుకోమ్మా” అన్నాడు.

“బాగోలేవా?” అని అడిగాను.

“బాగానే ఉన్నాయి. తొమ్మిదోది చదువుతూ నేను కళ్లు తుడుచుకున్నాను, నీ దగ్గర దాపరికమేముంది. కానీ ఇవి లెక్కలోకి రావట కదా. అనవసరంగా ఏడ్చానన్నమాట.”

ఆయన ముఖం చూడలేకపోయాను బెవ్. మోసపోయినవాడి ముఖం అది. మోసం చేసింది ఆల్‌సప్ అనుకుంటున్నాడు. నాకు మాత్రం ఎవరో తెలుసు.

అందుకే లీడ్స్‌లో నీ సభకి వచ్చాను. నువ్వు అనుకున్నట్టు అల్లరి చెయ్యడానికి కాదు. ఆ హోటల్ హాల్లో అడుగు పెట్టగానే తిరిగి వెళ్లిపోదామనిపించింది. గడ్డాలు నెరిసిన మగవాళ్లు, ప్రతివాడి చొక్కాకీ తనకిష్టమైన పుస్తకం అంకె. నా ముందు వరసలో ఇద్దరు, నాలుగు ముందు ఐదు చదవచ్చా అని మొదలుపెట్టి, ఒకరి అమ్మని ఒకరు తలుచుకునే దాకా వెళ్లారు. నువ్వు వేదిక మీద చేతికర్ర పట్టుకుని, గోడ మీద పటం చూపిస్తూ, దేశాల సరిహద్దులు గీసేదానిలా నిలబడ్డావు. వాళ్లు రాసుకుంటున్నారు. నిజంగా రాసుకుంటున్నారు.

నేను లేచి ఒక్కటే అడిగాను. “ఓరిల్ బతికుంటే ఎవరికి నష్టం?” అని.

నువ్వేమన్నావో మర్చిపోయి ఉంటావు, గుర్తు చేస్తాను. “కథకి నష్టం. ఆల్‌సప్ ఆఖరి భాగం చూడకుండానే రాసి పడేసింది. కూలి రాత. చూసి రాయాలన్న ఇంగితం కూడా లేదావిడకి” అన్నావు. వాళ్లు నవ్వారు. నేను కూర్చోలేదని, “గేనర్, బేరాలాడ్డానికి ఇది నీ సంత కాదు” అన్నావు. ఇంకా నవ్వారు.

సంతలో ఉన్నదాన్నే. సంతలో సరుకు చూడకుండా కుళ్లిందని ఎవరూ అనరు.

ఆ పుస్తకాల వెనక అట్ట మీద, రచయిత్రి భర్తతోనూ రెండు మేకలతోనూ ఫైలీలో ఉంటుందని రాసి ఉంటుంది కదా. మంగళవారం కొట్టు మూసి రైలెక్కాను. పోస్టాఫీసులో అడిగితే ఇల్లు చూపించారు. మేకలు పోయాయి, భర్త పోయాడు, ఆవిడ ఉంది. ఎనభై ఏడేళ్లు. చెవులు బాగా పనిచేస్తాయి, కాళ్లే మాట వినడం లేదట. నేను ఎందుకొచ్చానో గుమ్మంలోనే చెప్పాను. లోపలికి రమ్మని, నా చేతే టీ పెట్టించింది.

పఠన క్రమం అనగానే ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “క్రమమేంటి తల్లీ? రాసినదాన్ని నేనే వరసగా రాయలేదు. తొమ్మిదోది ముందు రాశాను. ఎనిమిదోది మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చుని రాశాను. ఏది చేతికి దొరికితే అది చదువుకోక, దీనికి సభలు కూడానా?”

ఆఖరి భాగం చూడలేదా అని అడిగాను. నీ మాటే ఆవిడ దగ్గర పెట్టాను, నీ పేరు చెప్పకుండా.

“చూడకేం? టీవీలో రాకముందే చదివాను. స్క్రిప్టు ఇదిగో, ఈ బల్ల మీదే ఉండేది. ఓరిల్ చచ్చిపోయే పేజీ మీద టీ కూడా ఒలికింది” అంది.

అంటే తెలిసే బతికించింది. కంపెనీ ఆఫీసులో అచ్చుకి ముందు ఒక్కడూ చదవలేదట. ఆ మూడింట్లో ఆఖరిది కూడా మార్కెట్లోకి వచ్చాక ఎవడో చదివి ఫోన్ చేశాడట. “ఓరిల్ చచ్చిపోయింది కదండీ” అన్నాడట. “మీ టీవీలో” అందట ఈవిడ. ఆ తర్వాత మరి ఆవిడకి పని రాలేదు. ఐదో పుస్తకం కూడా ఆవిడదే, అది మాత్రం నీ క్రమంలో దర్జాగా కూర్చుంది. నాలుగు వేళ్లుంటే ఒకటి ఉంచుకుని మూడు నరుక్కునే వైద్యం నీది.

కరపత్రం చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. భూతద్దం తెప్పించుకుని ఆఖరి లైను దాకా చదివింది. అల్లం కేకు కోసి నా పళ్లెంలో పెట్టి, “కొన్నవాళ్లు వెనక్కి ఇచ్చేస్తున్నారా?” అని అడిగింది. అంతే అడిగింది. తిట్టలేదు, డబ్బు మాట ఎత్తలేదు. లేదండీ, నా దగ్గర అవి నిలవనే నిలవవు అన్నాను. ఆ మూడూ నా కొట్టు బల్ల కింద ఉన్నాయి.

నీ మీద నాకు కోపం లేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి కాస్త ఎత్తుగా ఉండాలి. కంపెనీ విసిరిన కుర్చీలో కూర్చుని, తమకి అక్కర్లేనిదాన్ని వాళ్లు నీ నోటితో అక్కర్లేదనిపించుకుంటుంటే, అది నీ తీర్పే అనుకుని మురిసిపోతున్నావు. చూడకుండా రాసిందన్నావు ఆవిణ్ణి. ఫైలీ వెళ్లి ఒక్క మాట అడగకుండా రాసింది నువ్వు. రెండో ముద్రణకి జాబితా నెలాఖరుకి పంపాలని ఆ రోజు వేదిక మీద గొప్పగా చెప్పావు. పంపుకో. మార్చమని నేను అడగను. అడిగితే నీ అధికారాన్ని ఒప్పుకున్నట్టవుతుంది, ఆ గౌరవం నీకు నా దగ్గర దొరకదు.

ఓలరెన్‌షా గారికి కబురు పెట్టాను. ఆయన పుస్తకాలు ఆయనకి ఇచ్చేస్తాను. ఏడుపుకి అధికారికం, అనధికారికం ఉండదని చెప్తాను.

ఇట్లు,
నీ జాబితాలో ఏ అంకె దగ్గరా కనపడని,
గేనర్ షిల్లిటో.

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. ఇది రాయకూడదనే అనుకున్నాను. ఓరిల్‌ని ఎందుకు బతికించారని ఆవిణ్ణి అడిగాను. టీవీలో ఓరిల్ పోయిన ఏడాది, తన ఐదో పుస్తకం మీద సంతకాలు పెట్టడానికి మన ఊరి లైబ్రరీకి వచ్చిందట. వరసలో ఒక పిల్ల, పుస్తకం ముందుకు చాపకుండా అలాగే నిలబడిపోయిందట. రెండు జడలు, ఒకటి చెవి మీద, ఒకటి మెడ దగ్గర. అవి వేసింది మగచెయ్యి అని చూడగానే తెలిసిందట. “అందరూ పోయిందనే అంటున్నారు. మీరైనా పోలేదని రాస్తారా?” అని అడిగిందట ఆ పిల్ల. పోలేదని ఎవరి గురించమ్మా అంటే, పుస్తకం అట్ట వైపు చూసి, “ఓరిల్” అందట. ఈవిడ ఇంటికి వెళ్లి, అప్పటికే రాసిపెట్టుకున్న చావు పేజీలు చింపేసింది. “పేరు అడగాలని తోచలేదు. తర్వాత ఎలా ఉందో ఆ పిల్ల” అంది. బాగానే ఉందండీ అన్నాను. నీకెలా తెలుసంది. ఆ పిల్ల తల్లి పోయి అప్పటికి నెల కూడా కాలేదని, ఆ రోజు వరసలో నీ వెనక నిలబడి, బయటికొచ్చాక ఆ జడలు విప్పి మళ్లీ అల్లింది నేనేనని చెప్పాను.