నా నొప్పి నువ్వే చెప్పాలె

దీపక్కా, నా కోడిగీతల రాతకు, తప్పులకు ఏమనుకోకు. ఫోన్‌ల చెప్తే అత్త వింటదని కార్డు రాసి కవరుల పెట్టిన.

బాబు పుట్టినప్పటి నుంచి నడుము, పొత్తికడుపు గుంజుతానయి. పత్తి ఏరి ఒడి నిండితే లేవొస్తలేదు. దవాఖానల నీ మరిది పక్కనుండి "నడుము నొప్పి" అన్నడు, సూదేసిన్రు. కింది నొప్పి సంగతి సిగ్గుతోని నేను చెప్పలే. ఆశా వర్కర్ చిలుకమ్మ గుచ్చి గుచ్చి అడిగితే ఆమెకొక్కదానికే చెప్పిన. ఆమె, "లోపల ఇన్‌ఫెక్షన్ కావచ్చు, కాన్పుకు కండరాలు వదులైనా కావచ్చు. మందులున్నయి, కసరత్తులున్నయి. నోరిప్పు పిల్లా" అన్నది. ఇట్లనే బతుకు ఎల్లదీయాల్నా అని ఏడుపొస్తాంది.

సోమవారం లేడీ డాక్టర్ వస్తది. నువ్వొచ్చి చెప్పు. రాకుంటే మళ్ళ నడుము నొప్పనే చెప్పొస్త.

అమ్మ మోకాళ్ళు ఎట్లున్నయి? పిల్లలకు ముద్దులు. బావ చూడకముందే ఇది పొయ్యిల పెట్టు.

వినోద