కఫీల్‌కు చేసిన ఫోన్

శుక్రవారం, రాత్రి.

గల్ఫ్‌కు పనికొచ్చిన రాజన్న ఫోన్ కలవడం లేదని జగిత్యాల నుంచి అతని భార్య లక్ష్మి ఏడ్చింది. ఇక్కడ అరెస్టయినవాళ్ల పేర్లు బయటపెట్టరు. విలేకరినని చెప్పినా, అతని వీసాకు పూచీ ఉన్న యజమాని, కఫీల్ వచ్చి అడిగితేనే చెబుతామన్నారు స్టేషన్లో. నేనే కఫీల్‌కు ఫోన్ చేసి కనుక్కోమన్నాను.

సాయంత్రం అతనే చేశాడు. "మీవాడు లోపలే ఉన్నాడు. సెలవు రోజు అద్లియా బజార్లో హోటల్ గిన్నెలు కడుగుతూ దొరికాడు. నా వీసా మీద వచ్చి బయట పనా? ఖలాస్ భాయ్, రద్దు చేస్తున్నా."

నేను అడగకపోయినా అతనికి తెలిసేదేమో. కానీ ఆలస్యంగా తెలిసేది. ముందు వకీలు దగ్గరికి వెళ్లాల్సింది.

మనిషి దొరికాడని, జైల్లో ఉన్నాడని లక్ష్మికి చెప్పాను.

"జైల్ల ఉంటే ఉండనీ అన్నా, పానంతోని ఉన్నడు గద. నువ్వు లేకుంటే దుబాయిల మాకెవరు?" గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే.

వీసా పోతోందని చెప్పలేదు. ఎవరి ఫోన్ వల్లో అసలే చెప్పలేదు.