గుడివాడ హాల్లో నేనడిగిన ప్రశ్నలు

ఆదివారం రాత్రి, బందరు

ఏటా వారం రోజులు ఊటీలో గది, జీవితాంతం మనదేనట. వచ్చి వింటే భోజనం ఉచితమన్నారని మా అక్క మొగుడు నన్ను గుడివాడ లాక్కెళ్ళాడు. నేను చదివింది ఐదో తరగతే అయినా, పకోడీలు తిన్నాక పొట్లం కాగితం కూడా చదవందే పారేయను. ఒకసారి అలాగే బస్సు తప్పిపోయింది. ఆ చదువు పుణ్యమా అని ఇలాంటి స్కీముల సంగతి నాకు తెలుసు. లేచి అడిగాను. ఏటేటా మెయింటెనెన్స్ ఎంత పెంచుతారు? వేసవిలో గది ఖాళీ లేదంటే? మాకొద్దనుకుంటే ఎవరు కొంటారు?

"మాష్టారిలా అడగాలండీ!" అని టై కట్టుకున్నాయన అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. నన్ను మాష్టారన్న మొదటి మనిషి ఆయనే. దేనికీ జవాబు చెప్పలేదని తెలిసి కూడా మురిసిపోయి కూర్చున్నాను.

బావ సంతకం పెట్టేశాడు. చిలకలపూడిలో ముప్ఫయ్యేళ్ళు గిల్టు నగలు చేసి దాచుకున్న డబ్బు.

"అన్నీ నువ్వడిగేశావుగా బామ్మర్దీ, ఇంక నాకేం భయం?" అన్నాడు. పామర్రు దాటాక బస్సులో, "మరి నువ్వెందుకు చేరలేదోయ్?" అనడిగాడు.

"ఈ మోకాళ్ళతో ఊటీ ఏం తిరుగుతాను బావా!"

"పోన్లే. మీ అక్కకి స్వెట్టరు కొనాలి."

నా మోకాళ్ళకేం రోగం లేదు.

పది రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చని కాగితం వెనకాల ఉంది. హాల్లోనే చదివాను. పొద్దున్నే వెళ్ళి చెప్పాలి. బావ ఏమీ అనడు. అక్క మాత్రం, "చదివినవాడివి అక్కడే నోరెందుకు విప్పలేదురా?" అంటుంది. నలుగురిలో గొప్పగా అనిపించిందే అక్కా, అనాలి. అనగలనో లేదో...