అన్నయ్యకు వినిపించని గరగర

ఆదివారం రాత్రి, ఖరిదా

నేను తయారుచేస్తున్న గిటార్ పెడల్ ఇవాళ కుదిరింది. కాలితో నొక్కేకొద్దీ యాంప్‌లో గెయిన్ పెరిగి శబ్దం గరగరలాడుతుంది, వాల్యూమ్ మాత్రం పెరగదు. మా బ్యాండులో పాడేది అన్నయ్యే కాబట్టి పిలిచి వినిపించాను.

"ఏటి మారిందిరా? ఒకేలాగుంది," అన్నాడు.

వాల్యూమ్ పెరగలేదంటున్నాడనుకుని సంతోషించాను. "మరి గరగర?"

"ఏ గరగర?"

మళ్లీ చివరిదాకా నొక్కాను. అన్నయ్య నా కాలి వంకే చూస్తూ తల అడ్డంగా ఊపాడు. తను పనిచేసే వర్క్‌షాపు మోతలో ఇన్నేళ్లు నలిగిన చెవులు. ఈమధ్య శ్రుతి ఎందుకు తప్పుతున్నాడో అప్పుడర్థమైంది.

"మీ వొదినకి సెప్పకురా," అన్నాడు మెల్లగా.

రాత్రి వడ్డిస్తూ వదిన నన్నడిగింది, "కొత్త సౌండు ఎలాగొచ్చింది?"

నేను నోరు తెరిచేలోపే అన్నయ్య, "శానా బాగుంది," అన్నాడు.