గ్రూపుల బదిలీ

2005 జులై 4, సోమవారం. చిద్రి, బీదర్.

పొద్దున్నే నిర్ణయం తీసుకున్నా. మా తెలుగు సంఘం మెయిల్ గ్రూపులన్నీ ఈ వారంలో పాత ప్రోగ్రాం నుంచి కొత్త ప్రోగ్రాంలోకి మార్చేస్తా. కార్యదర్శిని నేను. కంప్యూటర్ నాది. ఇంకెవరు చేస్తారు.

కారణం ఉంది. పోయిన వారం పాతదానికి వైరస్ పట్టి, నా పేరు మీద సంఘంలో అందరికీ 'నా ఫోటోలు చూడు' అని మెయిల్ పోయింది. అధ్యక్షుడు మొగులప్ప మామ ఇంటికే వచ్చేశాడు. "ఫోటోలు తెరుసుకుంటలేవు విద్యమ్మా. నువ్వే ఒకసారి చూపెట్టు." విత్తనాల దుకాణం మనిషి. దేన్నైనా చూడందే నమ్మడు.

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మా మరిది తిరుమలేష్ కొత్త ప్రోగ్రాంని సీడీలో పంపాడు. "పది నిమిషాల పని వదినె" అన్నాడు. హైదరాబాదులో ఇప్పుడు అన్నీ పది నిమిషాల పనులే.

మార్చాల్సినవి: కార్యవర్గం. రక్తదాతలు. కోలాటం ఆడవాళ్లు. మామూలు సభ్యులు. అంతే.

సాయంత్రానికి చిరునామాలన్నీ కొత్తదాంట్లోకి వచ్చేశాయి. ఆ ఊపులో పాతదాన్ని ఫోల్డర్లతో సహా తీసేశా. పీడ వదిలింది. పదో తరగతి పాసైనప్పుడు కూడా ఇంత సంతోషం లేదు.

జులై 5, మంగళవారం

చిరునామాలు వచ్చాయి. గ్రూపులు రాలేదు. సంఘం మొత్తం ఒకే కుప్పగా పడి ఉంది.

తిరుమలేష్‌కి ఫోన్.

"గ్రూపులు రావు వదినె. పేర్లే వస్తయి. గ్రూపులు చేత్తోని మళ్ల కట్టుకోవాలె."

"ముందే చెప్పొద్దా?"

"నువ్వు అడగలే గద."

పర్లేదు. నాకు తెలియనివాళ్లెవరు. కార్యవర్గం గ్రూపు టీ చల్లారేలోపు కట్టేశా. మిగతావి రేపు ఒక్క దెబ్బకి.

జులై 7, గురువారం

నిన్న కరెంటు లేదు. ఇవాళ ఉంది కానీ వాన. వానకీ మెయిల్ గ్రూపులకీ ఏం సంబంధం అని మా ఆయన దయానంద్ అడిగాడు. ఫోన్ లైన్ గరగరలాడుతోందని చెప్పా. ఆ పనికి ఫోన్ లైన్ అక్కర్లేదు కదా అన్నాడు. నౌబాద్‌లో ఒక ఫ్యాక్టరీ లెక్కలు చూస్తాడు. ఇంట్లోనూ అదే చూపు.

అసలు చిక్కు వేరే. కోలాటం గ్రూపు కడదామని కూర్చుని కుప్పలో ఆడపేర్లు వెతికా. నాదొక్కటే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఆడవాళ్లెవరికీ సొంత మెయిల్ లేదు. సక్కుబాయికి కబురు చేయాలంటే భర్త మొగులప్ప మామకి రాస్తాం. హన్మమ్మకైతే భర్త చంద్రప్పకి. రాజవ్వకైతే కొడుకు సంగమేశ్‌కి. ఏ మగపేరు వెనక ఏ ఆడమనిషి ఉందో పాత గ్రూపుకే తెలుసు. ఆ గ్రూపు ఇప్పుడు లేదు.

రేపు చూద్దాం. స్క్రీన్ రంగు నీలం నుంచి ఆకుపచ్చకి మార్చా. ఎంతో కొంత పని జరిగినట్టుంది.

జులై 9, శనివారం

నిన్న చుట్టాలు. ఎవరూ రాలేదు కానీ వస్తారేమోనని ఇల్లు సర్దా.

రేపు మా ఇంట్లో కోలాటం ప్రాక్టీస్. ఆగస్టు పదిహేనుకి సంఘం కార్యక్రమం ఉంది. మెయిల్ పంపక తప్పదు. ఎవరి భార్య కోలాటంలో ఉంది, ఎవరి భార్య లేదు? అనుమానం ఉన్న ప్రతి పేరుకీ టిక్కు పెట్టుకుంటూ పోయా. చివరికొచ్చేసరికి అందరి మీదా అనుమానమే.

ఇంగ్లీషు అక్షరాల తెలుగులో రాశా: "రేపు సాయంత్రం మా ఇంట్లో కోలాటం ప్రాక్టీస్. అందరూ పచ్చ చీరలో రావాలి. కోలలు మరవొద్దు."

ఆడవాళ్లకు మాత్రమే అని రాయలేదు. చీర అన్నాక వేరే చెప్పాలా.

జులై 10, ఆదివారం

చెప్పాలి.

ఆడవాళ్లు కొందరు వచ్చారు. మగవాళ్లు అంతకంటే ఎక్కువ వచ్చారు.

మొగులప్ప మామ ముందుగా వచ్చి కూర్చున్నాడు. "అధ్యక్షున్ని గద, పిలిస్తే రాకుంటె మంచిగుండదు. చీరంటె కష్టమమ్మా. పచ్చ కండువా ఏసుకొచ్చిన."

బడిలో లెక్కలు చెప్పే సిలాసు, కోలలు దొరకక రెండు చెక్క స్కేళ్లు తెచ్చాడు.

కోలాటం నేర్పేది రాజవ్వ. ఆమె గుమ్మంలో నిలబడి చేతులు అడ్డం పెట్టింది. "మొగోళ్లకు ఈడేం పని? బయటికి నడువుండ్రి."

"మెయిల్ అచ్చింది పెద్దమ్మా" అన్నాడు సిలాసు.

"ఏమన్న రానియ్యి. నడువు."

మగవాళ్లు వరండాలో కూర్చుని, ఆడవాళ్ల కోసం చేసిన మిర్చీబజ్జీలు పూర్తి చేసి వెళ్లారు. రాజవ్వ నాతో మాట్లాడకుండా పోయింది.

జులై 11, సోమవారం

బసవకళ్యాణ్ నుంచి అంబాదాస్ మెయిల్. నాకొక్కదానికే కాదు, అందరికీ పంపాడు. "ప్రాక్టీస్ నాకా, మా ఇంటామెకా?" దాని మీద ఇంకెవరో అందరికీ నవ్వు బొమ్మ పంపారు. దాని మీద ఇంకొకరు.

కొత్త ప్రోగ్రాం తెరిచా. చిరునామాలన్నీ ఎంచుకున్నా. తీసెయ్యి అని నొక్కా. నిజంగానే తీసెయ్యాలా అని అడిగింది. నిజంగానే అన్నా.

ప్రశాంతంగా ఉంది. సంఘాలు మెయిల్ లేని రోజుల్లోనూ నడిచాయి.

జులై 13, బుధవారం

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి రాజవ్వ కొడుకు సంగమేశ్ ఫోన్. భార్య అర్చితకి తొలి కాన్పు. రక్తం చాలా పోయిందట.

"ఓ నెగెటివ్ కావాలె విద్యక్కా. బ్లడ్ బ్యాంకుల లేదంటున్రు. మన రక్తదాతల గ్రూపుకు జల్ది మెయిల్ కొట్టు."

అలాగే అన్నా. ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చున్నా. గ్రూపు లేదు. చిరునామాలూ లేవు. నేనే తీసేశా. ఎవరు ఓ నెగెటివో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

పంపిన మెయిళ్లు తెరిచా. కొత్తదాంట్లో నేను సంఘానికి పంపింది ఒక్కటే, ఆ కోలాటం మెయిల్. దాని నెత్తిన అందరి చిరునామాలూ వరసగా ఉన్నాయి. ఏడుపొచ్చింది. అందరికీ జవాబు అని నొక్కి, ఆసుపత్రి పేరు, రక్తం గ్రూపు రాసి పంపా. లైన్ రెండుసార్లు తెగింది. మూడోసారి పోయింది. దయానంద్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి స్కూటర్ మీద నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

మొదట వచ్చింది సిలాసు. బడి కంప్యూటర్లో చూసి, పాఠం మధ్యలో వదిలేసి వచ్చాడు. ఓ నెగెటివ్. కానీ సూది చూస్తే భయం. మంచం మీద చెమటలు కారుస్తున్నాడు. రాజవ్వ వెళ్లి పక్కన కూర్చుని అతని రెండో చెయ్యి పట్టుకుంది.

"అటు సూడకు బిడ్డా. నా మొకం దిక్కు సూడు."

అంబాదాస్ బసవకళ్యాణ్ నుంచి బస్సెక్కి వచ్చాడు. అతనిది బీ పాజిటివ్. మరి ఎందుకొచ్చావంటే, "గ్రూపు కలవకున్నా మనిషి కావాలె గదక్కా" అన్నాడు.

ఇంకో సీసా కావాలన్నారు డాక్టరమ్మ. అప్పుడు వచ్చారు చంద్రప్ప, హన్మమ్మ. చేతుల్లో కోలలు. కంగారులో నేను మెయిల్ శీర్షిక మార్చలేదు. చంద్రప్ప 'కోలాటం ప్రాక్టీస్' అన్నంతవరకే చదివి, భార్యను మా ఇంటి దగ్గర దింపడానికి వెళ్లాడు. తాళం చూసి పక్కింట్లో అడిగి ఇటు వచ్చారు.

సంగతి విని హన్మమ్మ కోలలు భర్త చేతిలో పెట్టింది. "నాది గూడ ఓ నెగెటివే. తీస్కోండ్రి."

"మరి మన రక్తదాతల్లో నీ పేరెందుకు లేదు?" అన్నా.

"ఎవలన్న అడిగిన్రా నన్ను?"

అడిగేది మెయిల్‌లో. మెయిల్ వెళ్లేది చంద్రప్పకి. చంద్రప్ప ఏ పాజిటివ్.

జులై 14, గురువారం

ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. సిలాసుకి రాజవ్వ రెండు పూటలా రాగిజావ పంపిస్తోంది. తనకిష్టం లేదని చెప్పే ధైర్యం అతనికి లేదు.

జులై 18, సోమవారం

పొద్దున్నే నిర్ణయం తీసుకున్నా. గ్రూపులు మళ్లీ మొదటి నుంచి కడతా. ఈసారి ముందు ఆడవాళ్లందరికీ ఎవరి మెయిల్ వాళ్లకి. ఈ వారంలో అయిపోవాలి. వానొచ్చినా సరే.

మొదట హన్మమ్మ వచ్చింది. చంద్రప్పను వరండాలో కూర్చోబెట్టి లోపలికొచ్చింది. పేరు తానే కొట్టింది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. తర్వాత పాస్‌వర్డ్ అడిగింది కంప్యూటర్.

"ఇది నీకొక్కదానికే తెలియాలి. ఎవరికీ చెప్పొద్దు" అన్నా.

"ఆయనకు గూడనా?"

"ఆయనకు కూడా."

హన్మమ్మ వరండా వైపు చూసింది. కీబోర్డు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసి, "నువ్వు గూడ అటు తిరుగు" అంది.

తిరిగా.